మసకబారే అద్దం

కృత్తివెన్ను నుంచి టాక్సీ తోలుకొస్తుంటే, వెనక రొయ్యల లారీ లైట్లు అద్దంలో పడి ముజమ్మిల్‌కి కళ్లు బైర్లు కమ్మాయి. ముందు సైకిల్ మీద వెళ్తున్న వీరాంజనేయులు కనపడలేదు. కారు అతన్ని గుద్దేసింది; ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది.

నెల తిరక్కుండా ముజమ్మిల్ తన పాత అంబాసిడర్‌కి, వెనక వెలుగు పడితే తనంతట తానే మసకబారే అద్దం పెట్టించాడు. బందరులో కార్ల వైరింగ్ చేసే బాబ్జీ దాన్ని బిగించి, పొద్దుగూకాక పరీక్షించడానికి పక్కన కూర్చున్నాడు.

వెనక లారీ వచ్చింది. అద్దం నల్లబడింది. రోడ్డు అంచున నడుస్తున్న మనుషులు స్పష్టంగా కనిపించారు.

"బాగుందా భాయ్?" అన్నాడు బాబ్జీ.

"బాగుంది. ఆ రోజు ఇది ఉంటే అతనూ ఇలాగే కనపడేవాడు."

ముజమ్మిల్ కారు పక్కకి ఆపి, తాళాలు బాబ్జీ చేతిలో పెట్టాడు. మళ్లీ స్టీరింగు పట్టలేదు.