అంజమ్మ తొక్కు జాడీ

నా ముక్కు నాలుగేండ్లకు పైగా చచ్చిపడి ఉండింది. కన్ను పోతే జనం అయ్యో అంటారు, కాలు పోతే బస్సులో సీటిస్తారు. ముక్కు పోయిందంటే మాత్రం నవ్వుతారు. "ఇంగేం మునెప్పా, మురికి కాలవ పక్కన ఇల్లు కట్టుకో" అన్నాడు ఎదురంగడి లక్ష్మయ్య. వాడితో నేను మళ్లీ మాట్లాడలేదు.

పుంగనూరులో మాది చింతపండు మండీ. పండు కొరికి అది ఏ వైపు చెట్టుదో, ఎన్ని నెలలు నిలవున్నదో చెప్పేవాణ్ణి. పెద్దమండ్యం రైతులు కూడా నా మాటకు ఎదురు చెప్పేవాళ్లు కాదు. నా నాలుకంటే నాకు అంత గర్వం. రెండు వేల ఇరవై ఒకటి మే నెలలో నాకూ నా భార్య అంజమ్మకూ ఒకేసారి కరోనా వచ్చింది. ఆమెను మదనపల్లెలో ఆసుపత్రిలో చేర్చారు. తొమ్మిదో రోజు పోయింది. నన్ను చూడనివ్వలేదు. నేను బతికాను గానీ ముక్కు పోయింది. ఆ తర్వాత మండీలో చెమ్మపట్టి చెడిన బస్తాలను మేలురకమని పక్కన పెట్టించాను. పులుపు తెలిసింది, బూజు వాసన తెలియలేదు. మండీ కొడుకు సురేంద్రకు అప్పగించి ఇంట్లో కూర్చున్నాను.

ఇంట్లో ఒక జాడీ ఉంది. ఆ ఏడు జనవరిలో అంజమ్మ పచ్చి చింతకాయలను ఉప్పూ పసుపూ వేసి దంచి, మెంతులూ తెల్లగడ్డలూ కలిపి పెట్టిన తొక్కు అందులో ఉండేది. ఇంగువ మాత్రం వేయదు. ఆ వాసనకు ఆమెకు తలనొప్పి, అందుకని ముప్పైయ్యేండ్లు మా ఇంట్లోకి ఇంగువ రాలేదు. జాడీ దగ్గర ఆమె పెత్తనం ఇంతా అంతా కాదు. తడి చెయ్యి తగలనిచ్చేది కాదు. "నీ దొరతనం మండీలో సూపించు, ఈడ కాదు" అనేది. ఆమె పోయేటప్పటికి సగం జాడీ మిగిలింది. ఎవరూ ముట్టుకోవద్దని చెప్పాను. ముక్కు తిరిగొచ్చిన రోజు వేడన్నంలో కలుపుకుని తినాలి, అంతవరకు నేను కూడా వేలు పెట్టకూడదు అనుకున్నాను. ఫోటోలు చాలా ఉన్నాయి, కానీ ఫోటోల్లో ఆమె ఎప్పుడూ ఎవరిమీదో కోపంగా ఉన్నట్టుంటుంది. నాకు నిజంగా ఆమెది మిగిలింది ఆ రుచి ఒక్కటే.

పోయినేడు కోడలు కుసుమ పోరు పెట్టి నన్ను కుప్పం తీసుకుపోయింది. ఆమె పుట్టిల్లు అక్కడే. వసుధ అనే ముక్కు డాక్టరు నా కథంతా విని, కుసుమను ముక్కు మూసుకోమని చెప్పి ఆమె నోట్లో ఒక బిళ్ల వేసింది.

"ఎట్లుండాది?"

"తియ్యగా ఉండాది."

"ఏం బిళ్ల అది?"

"తెలీలేదు మేడమ్."

"ఇప్పుడు ముక్కు వదులు."

కుసుమ మొహం విప్పారింది. "యాలక్కాయ" అంది.

నాలుకకు తెలిసేవి తీపి, ఉప్పు, పులుపు, చేదు, మాంసం పులుసులో ఉండే ఒక కమ్మదనం, అంతేనట. కారం అసలు రుచే కాదట, మంటట. మిగతాదంతా నమిలేటప్పుడు గొంతు వెనకనుంచి ముక్కులోకి ఎక్కే వాసనేనట. అంటే ఇన్నేండ్లూ నాలుకకు వచ్చిన పేరంతా ముక్కుది. నాకు ఒళ్లు మండింది.

"రోజూ రెండుపూటలా వాసనలు చూడు పెద్దాయనా. గులాబి, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం. చూస్తా ఆ వస్తువును మనసులో బాగా తలుచుకో. నరాలు మళ్లా దారిలో పడొచ్చు, పడకపోనూవచ్చు" అంది డాక్టరు.

సీసాలు తెచ్చుకున్నాను. కానీ గులాబిని తలుచుకుని నేనేం చేసుకోను? నాకు తలుచుకోవాల్సింది ఒకటే ఉంది. పొద్దున తలకు పోసుకుని, పూజకు కూర్చున్నట్టు జాడీ ముందు కూర్చునేవాణ్ణి. కళ్లజోడు తీసి పక్కన పెట్టి, జాడీ మూతికి కట్టిన గుడ్డ విప్పి, మొహం లోపల పెట్టి ఊపిరి పీల్చేవాణ్ణి. సాయంత్రం కాళ్లూ మొహం కడుక్కుని మళ్లీ అదే పని. కండ్లు మూసుకుంటే రోటి దగ్గర అంజమ్మ కనిపించేది. వాసన రాకపోయినా ప్రాణానికి హాయిగా ఉండేది.

ఎండాకాలంలో పెరట్లో కరేపాకు చెట్టు ఎండిపోయింది. అదీ అంజమ్మ నాటిందే. నీళ్లు పోయలేదని కుసుమను నానా మాటలూ అన్నాను. ఆమె చీపురు తెచ్చి రాలిన ఆకులు ఊడ్చింది.

మొన్న కార్తీకంలో, ముసురు పట్టిన ఒక పొద్దున, జాడీలో మొహం పెట్టగానే ముక్కుకు ఏదో తగిలింది. భ్రమేమోనని మళ్లీ పీల్చాను. మళ్లీ తగిలింది. కండ్లలో నీళ్లు తిరిగాయి. "కుసుమా, అన్నం పెట్టుకురా" అని కేకేశాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మూడోసారి నిదానంగా పీల్చాను.

అది ఇంగువ.

కుసుమ పొగలు కక్కే అన్నం పళ్లెంతో వచ్చి నిలబడింది.

"దీంట్లోది ఎవురు పెట్టిన తొక్కు?" అన్నాను.

"వాసన వచ్చిందా మామా?"

"అడిగిందానికి చెప్పు."

ఆమె పళ్లెం కింద పెట్టింది. "మా అమ్మ పెట్టింది. పాతది, రంగు కూడా అట్లే నల్లగా ఉండాదని కుప్పం నించి తెచ్చి దీంట్లోకి ఎత్తినాను."

"మీ అత్తది ఏమైంది?"

"ఎండాకాలంలోనే చెడిపోయింది మామా. మీరు తానం చేసి తల తుడుసుకోకుండా వస్తాంటిరి. నీళ్లు దాంట్లోకే కారతాండె. పైనంతా బూజు, ఇల్లంతా కంపు. మీ కొడుకు అన్నం పళ్లెం ఎత్తుకుని వాకిట్లోకి పోయి తింటాండె. మీరేమో దాంట్లో మొగం పెట్టి నవ్వుకుంటాంటిరి. నాకు చెప్పేదానికి నోరు రాలేదు."

"యాడ పారేస్తివి?"

"పారెయ్యలేదు. కరేపాకు చెట్టు మొదట్లో పూడ్సినాను. ఆ ఉప్పుకి చెట్టు సచ్చిపోతాదని నాకు తట్టలేదు."

ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. తడి చెయ్యి తగలనివ్వని జాడీలో నేను రోజూ తడి తల పెట్టాను. అంజమ్మది మిగిలిన ఆ ఒక్కటీ నేనే కుళ్లబెట్టుకున్నాను. ఆ కుళ్లు ఇంట్లో అందరికీ తెలిసింది, నాకు తప్ప.

అన్నం అట్లాగే వదిలేసి, గడ్డపార తీసుకుని పెరట్లోకి పోయాను. చినుకులు పడుతున్నాయి. "తడుస్తాండారు మామా" అంటూ కుసుమ వెనకే వచ్చింది గానీ నన్ను ఆపలేదు. ఎండిన చెట్టు మొదట్లో మూరెడు లోతు తవ్వాను. గుప్పెడు మట్టి తీసి ముక్కుకు ఆనించుకుని, డాక్టరు చెప్పినట్టే కండ్లు మూసుకుని అంజమ్మను తలుచుకున్నాను. ముక్కు బాగానే పనిచేసింది. తడి మట్టి వాసన వచ్చింది. ఇంకేమీ రాలేదు.