ఎదురింటి వంటిల్లు

దుమ్యాత్‌లో చెక్క సామాను దిగుమతి చేసి అమ్మడమంటే కమ్మరి వీధిలో సూదులమ్మడమే. ఆ ఊళ్లో ఏ సందులో నిలబడ్డా రంపపు పొట్టు కాళ్లకు అంటుకుంటుంది, జిగురు వాసన ముక్కుకెక్కుతుంది, బంగారు పూత ఆరని సోఫా కాళ్లు ఎండలో బారులు తీరి ఉంటాయి. అలాంటి ఊళ్లో, అందులోనూ మెత్వల్లీ అంతటి వడ్రంగికి కూతురై ఉండి, ఇన్షిరాహ్ చైనా నుంచి వంటింటి అల్మరాలు ఓడకెక్కించి తెప్పిస్తానని దుకాణం తెరిచింది. ఊరికి నాలుగు రోజులు నవ్వుకోవడానికి సరిపోయింది.

ఆమె లెక్క ఆమెది. తండ్రి కార్ఖానాలో అమ్మకాలు చూసుకుంటూనే యాభై ఏళ్ల దగ్గరికి వచ్చింది. పెళ్లికూతుళ్లను, వాళ్ల తల్లులను ఎందరిని చూసిందో. సింహాసనాల్లాంటి సోఫాలు బేరమాడి కొనుక్కుని, వంటింటికి మాత్రం అల్యూమినియం డబ్బాలతో సరిపెట్టుకుని వెళ్లేవాళ్లు. ఊళ్లో ఏ వడ్రంగికీ వంటిల్లు పట్టలేదు. చెక్కడానికి పువ్వులూ లతలూ లేని చోట వాళ్లకు చెయ్యి ఆడదు.

"నువ్వు చేసిన సోఫాలో రాణిలాగా కూర్చుంటాం, సరే. ఉల్లిపాయలు ఎక్కడ పెట్టుకోవాలి నాన్నా?" అని అడిగింది ఒకరోజు.

"బుట్టలో పెట్టుకో. మీ అమ్మ పెట్టుకోలా?" అన్నాడు మెత్వల్లీ. తరవాత ఉలి పక్కన పెట్టి, "పొట్టు నొక్కి అతికించిన పలకలు అమ్ముకుంటావా, అమ్ముకో. నా పేరు మాత్రం చెప్పకు. ఫలానావాడి కూతుర్నని బోర్డు మీద కనబడిందా, నిచ్చెనేసుకుని వచ్చి నేనే పీకేస్తా" అన్నాడు.

అన్నంత పనీ చేసే మనిషి. అందుకని ఆమె బోర్డు మీద ఉత్త 'ఇన్షిరాహ్ వంటిళ్లు' అని రాయించుకుంది. ఆ రోజు నుంచీ మెత్వల్లీ ఆ దుకాణం గడప తొక్కలేదు. మసీదుకు అదే దగ్గర దారి అయినా చుట్టూ తిరిగి వెళ్లేవాడు. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం కూతురింటికి వచ్చి, ఉల్లిపాయలు కూరి వండిన బాతును తృప్తిగా తిని, ఊళ్లో సంగతులన్నీ మాట్లాడి, దుకాణం ఊసెత్తకుండా లేచి వెళ్లేవాడు. ఇన్షిరాహ్‌కి అది ముల్లులా గుచ్చుకునేది. ఆయన తిట్టినా ఆమె ఇంత బాధపడేది కాదు.

మొదటి పెద్ద బేరం కొత్త దుమ్యాత్‌లో కట్టిన పదంతస్తుల మేడ. అంతస్తుకు రెండు ఫ్లాట్లు, మెట్లకు అటొకటి, ఇటొకటి. కొన్నవాళ్లంతా పండగ దాటాక పెళ్లిళ్లున్న కుర్ర జంటలు. మా వైపు వంటిల్లు సమకూర్చడం పెళ్లికూతురి వాళ్ల వంతు. అందుకని పంతొమ్మిది మంది తల్లులు ఇన్షిరాహ్ దుకాణంలో కూర్చుని, రంగు ముక్కలు తిరగేసి, ఒకరు పిస్తా రంగు, ఒకరు మీగడ రంగు, ఒకరు సముద్రపు నీలం అంటూ ఏరుకున్నారు. ఇరవయ్యో ఫ్లాటు ఇన్షిరాహ్ కూతురు నవారాదే, ఆరో అంతస్తులో. ఆ వంటింటికి ఎవరూ అల్మరాలు ఏరలేదు.

"నా మనవరాలి వంటిల్లు నా చేతి మీదే అవుతుంది" అన్నాడు మెత్వల్లీ. బీచ్ అనే చెట్టు గట్టి చెక్క కొని, ఎండబెట్టి, చలికాలమంతా దాని మీదే కూర్చున్నాడు. సింకు కింది అర వెనకాల, ఎవరికీ కనబడని చోట, పెన్సిలుతో నవారా పేరు రాసి పక్కన చిన్న ఉలి బొమ్మ గీశాడు. అది ఆయన గుర్తు. తన చేత్తో చేసిన వస్తువు మీద తప్ప దేని మీదా వెయ్యడు. ఒకసారి సొంత తమ్ముడు తన సోఫా మీద ఆ గుర్తు వెయ్యమని బతిమాలితే, ఏడాది పాటు అతనితో మాటలు మానేశాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇన్షిరాహ్‌కి ఇల్లు ఎలాగూ లొంగలేదు, రచ్చ గెలిచి చూద్దామనుకుంది.

ఓడ వచ్చింది, రేవులో తతంగమంతా ముగిసింది, పెట్టెలు మేడకు చేరాయి. బిగించే మేస్త్రీ ఎజ్జత్ మొదటి అంతస్తులో కుడి ఫ్లాటుతో మొదలుపెట్టాడు. ఇన్షిరాహ్ ఊరంతటికీ పంచాలని ముషబ్బక్ మిఠాయి పొట్లాలు తెచ్చుకుని, పాకం వేళ్లకంటుకుంటుంటే గుమ్మంలో నిలబడింది. అతను పెట్టెలు వరసగా పేర్చాడు. మళ్లీ పేర్చాడు. తల గోక్కున్నాడు.

"అక్కా, నీళ్ల గొట్టం ఏ గోడలో ఉంది?"

"కుడి గోడలో. కనబట్టంలా?"

"కనబడుతోంది. సింకు మాత్రం ఎడం గోడకొచ్చింది. మూలపెట్టె కూడా అటే వంగింది. పైన పరిచే రాయికి బెజ్జం కూడా అటే కొట్టారు. తిరగేసి పరుద్దామంటే రాయికి ఒకవైపే నునుపు."

ఇంకో ఫ్లాటు పెట్టెలు విప్పారు. అవీ అంతే. అన్నీ అంతే.

తప్పెక్కడ జరిగిందో ఆమెకు అక్కడే నిలబడి ఉండగానే తెలిసిపోయింది. ఒక్కో వంటింటికి ఏ పెట్టె తరవాత ఏ పెట్టె రావాలో తనే వరస రాసి పంపింది. మొదట ఇది, రెండోది ఇది అని. అరబీ రాసే మన చేతికి మొదలంటే కుడి గోడ. చదువు, రాత, జపమాల, పెళ్లిలో షర్బత్ పంచడం, అన్నీ కుడి నుంచే మొదలు. వేరే చోట మరోలా ఉంటుందని ఎవరికి తడుతుంది? అక్కడి వాళ్లు పాపం బుద్ధిగా ఎడమ నుంచి మొదలుపెట్టారు. పెట్టె పెట్టెకూ బొమ్మ పంపి, సరేనా అని అడిగారు కూడా. విడివిడిగా చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి, సరేనంది.

"గోడలు తిప్పేద్దామంటావా?" అన్నాడు ఎజ్జత్, నవ్వించాలని.

ఆమె నవ్వలేదు. మెట్ల మీద కూలబడింది. పంతొమ్మిది మంది ఆడపిల్లల తల్లులకు మాటిచ్చింది. వచ్చే గురువారం నుంచి వరసగా ఫర్ష్‌లు ఉన్నాయి. పెళ్లికూతురి సామానంతా ఫ్లాటులో సర్ది, రెండు వైపుల ఆడవాళ్లూ వచ్చి అరలు తీసి, దుప్పట్లు తడిమి చూసే రోజు అది. ఆ రోజు వంటింట్లో బోడి గోడ కనబడితే ఆ పిల్ల ముసలిదయ్యేదాకా అత్తింట్లో ఆ మాట వింటూనే ఉండాలి. ఇక తండ్రి. ఆయన ఏమీ అనడు. బాతు తింటూ గడ్డంలో నవ్వుకుంటాడు. అది తలుచుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

ఎజ్జత్ టీ తెచ్చి చేతిలో పెట్టాడు. ఆమె తాగుతూ, చూడాలని కాకపోయినా, తెరిచి ఉన్న ఎడమ తలుపులోంచి లోపలికి చూసింది. తరవాత కుడి తలుపులోంచి చూసింది. కుడి ఫ్లాటు గొట్టం కుడి గోడలో ఉంది. ఎడమ ఫ్లాటు గొట్టం ఎడమ గోడలో ఉంది. రెండు చేతులూ పక్కపక్కన పెట్టుకున్నట్టే ఉన్నాయి రెండు ఇళ్లూ.

"ఎజ్జత్, ఈ ఇంటి పెట్టెలు ఆ ఇంట్లో పేర్చు" అంది గ్లాసు కింద పెట్టి.

పేర్చాడు. సింకు వెళ్లి గొట్టం ముందర కూర్చుంది. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ముషబ్బక్ తిన్నారు.

చెక్క దారికొచ్చింది కానీ తల్లులు దారికి రావద్దూ. ఎదురింటి రంగు తమకొస్తుందంటే ఒప్పుకోవడం మాటలా? రెండో అంతస్తులో ఒకావిడ, "మీగడ రంగు అడిగితే నీలం ఇస్తావా? నా అల్లుడు జాలరి కూడా కాదే" అంది. ఇన్షిరాహ్ తలుపు తలుపూ తట్టింది. తప్పు తనదేనని ముందే చెప్పేసింది, దానితో సగం కోపాలు అక్కడే దిగిపోయాయి. ఒకరింటికి కత్తులు పెట్టుకునే చెక్క, ఒకరింటికి అదనపు అర ఇస్తానంది. పైగా ఏ తల్లికి ఆ తల్లి విడిగా ఉన్నప్పుడు, "ఎదురింటావిడకు మీ రంగు తెగ నచ్చేసిందిట, ఇవ్వనంటే ఏడుస్తోంది" అని చెవిలో ఊదింది. మొత్తానికి పద్దెనిమిది ఇళ్లూ జతలు కుదిరాయి.

ఆరో అంతస్తు మిగిలింది. నవారా ఎదురింటి పిల్ల పేరు రావియా. అన్నిటికంటే ముందు ఫర్ష్ ఆ పిల్లదే. ఆ పిల్ల కోసం వచ్చిన పిస్తా రంగు వంటిల్లు నవారా ఫ్లాటులో తప్ప మేడ మొత్తంలో ఎక్కడా పట్టదు. ఆ ఫ్లాటులో తాతగారి బీచ్ వంటిల్లు రావాలి. చైనాకు మళ్లీ రాసి ఓడ కోసం కూర్చుంటే ఈలోగా రావియాకు పిల్లలు పుడతారు.

తండ్రి దగ్గరికి వెళ్లడం తప్ప దారి లేదు. నవారాను వెంటబెట్టుకుని కార్ఖానాకు వెళ్లి, జరిగిందంతా దాచకుండా చెప్పింది. మెత్వల్లీ గరుకు కాగితంతో తలుపు రుద్దుతూనే విన్నాడు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్నాడు చివరికి. "ఎడమేదో కుడేదో తెలీనివాళ్లతో వ్యాపారమేంటే నీకు?"

"తెలీనిది నాకే నాన్నా. వాళ్లు రాసింది రాసినట్టు చేశారు."

"అయితే ఇప్పుడేమంటావ్? చలికాలమంతా నేను చేసింది ఎవరికో ఇచ్చేసి, నా మనవరాలికి ఆ పొట్టు పలకలు బిగించుకోమంటావా?"

నవారా వెళ్లి తాత పక్కన చెక్కల మీద కూర్చుంది. "నేను నీ సోఫాలో కూర్చుంటా తాతా, నీ మంచం మీద పడుకుంటా. పంచదార ఎందులో పెట్టుకుంటే ఏంటి? రావియాకైతే నువ్వు చేసింది ఒక్కటీ లేదు."

అప్పుడే రావియా తల్లి వచ్చింది, ఇన్షిరాహ్ కార్ఖానాలో ఉందని తెలిసి వెతుక్కుంటూ. చేపల బజారులో కొట్టు ఆవిడది. గట్టిగా నాలుగు మాటలు అడగాలనే వచ్చింది కానీ, గోడకు ఆనించిన బీచ్ తలుపులు చూసి ఆగిపోయింది. చెయ్యి తన నల్ల గౌనుకు రెండుసార్లు తుడుచుకుని, అప్పుడు గానీ ఒక తలుపు అంచు తాకలేదు.

"మా పిల్ల ఫర్ష్ గురువారం" అంది నెమ్మదిగా. "ఎలాగోలా చెయ్యండి బాబాయ్. డబ్బా అయినా సరే, బోడి గోడ మాత్రం వద్దు."

మెత్వల్లీ గరుకు కాగితం పక్కన పడేశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి కళ్లు దించుకోవడం ఇన్షిరాహ్ అదే మొదటిసారి చూడటం.

"మెత్వల్లీ ఈ వీధిలో బతికుండగా దుమ్యాత్ ఆడపిల్ల బోడి గోడ చూపించుకుంటుందా?" అన్నాడు. "మూల విప్పి అటువైపు తిప్పాలి, పై పలక కొత్తది కొయ్యాలి. గురువారానికి అవుతుంది. ఒక్క మాట. వెనకాల నా మనవరాలి పేరుంది. అది చెరపను. పక్కనే మీ పిల్ల పేరు రాస్తా. ఇష్టమేనా?"

ఆవిడ తలూపింది.

గురువారం ఫర్ష్ జరిగింది. పెళ్లికొడుకు తల్లి అన్ని గదులకూ ఏదో ఒక వంక పెట్టి, వంటింట్లోకి వచ్చేసరికి ఊరికే నిలబడిపోయింది. ఆ మాట రావియా తల్లి చేపల బజారంతా చెప్పుకుంది. ఇంకా చెప్పుకుంటూనే ఉంది. ఆ వారమే ఎజ్జత్ నవారా ఫ్లాటులో పిస్తా రంగు వంటిల్లు బిగించాడు. మర్నాడు మెత్వల్లీ మనవరాలి దగ్గర తాళంచెవి అడిగి తీసుకున్నాడు. ఎందుకంటే, "ఏం కూలిపోయిందో చూసొస్తా" అన్నాడు.

ఆ తరవాత ఇన్షిరాహ్ ఆ ఫ్లాటు తుడవడానికి వెళ్లింది. మూలల్లో పొట్టు మిగిలి ఉంటుందని సింకు పక్క సొరుగు పూర్తిగా బయటికి లాగి బోర్లించింది. అడుగున పెన్సిలు రాత కనబడింది. నవారా అని పేరు, పక్కన చిన్న ఉలి బొమ్మ. ఆ కింద ఇంకో వరస ఉంది. 'తెప్పించినది ఇన్షిరాహ్, మెత్వల్లీ కూతురు.'

ఆమె నేల మీద కూర్చుండిపోయింది. ఆ వరసను ఎన్నిసార్లు చదువుకుందో. సంతోషం పట్టలేక కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని, సొరుగును దాని చోట పెట్టింది. అది చప్పుడు లేకుండా తనంతట తనే మూసుకుంది.

ఆ తరవాతి శుక్రవారం బాతు వడ్డించింది. మెత్వల్లీ తింటున్నాడు. తను చూసినట్టు ఆమె చెప్పలేదు, ఆయనా అడగలేదు. ఎముక పక్కన పెడుతూ, ఏదో మామూలు సంగతి చెబుతున్నట్టు అన్నాడు.

"ఆ సొరుగులు మెత్తగా మూసుకుంటాయే, వాటి పట్టాలు విడిగా దొరుకుతాయా? వచ్చే ఓడలో నాకో పెట్టెడు తెప్పించు."

"ఇంట్లో బేరాలు చెయ్యను నాన్నా. దుకాణానికొచ్చి చెప్పు."

మెత్వల్లీ వేళ్లు తుడుచుకుంటూ ఆలోచించాడు.

"కాఫీ ఇస్తావా?"

"ఇస్తా."

"చక్కెర తక్కువెయ్యి. రేపు మసీదు నుంచి అటే వస్తా" అని, రెండో ముక్క కోసం పళ్లెం ముందుకు జరిపాడు.