స్కేలు ఆనించి చేయించిన సంతకం

మేజోళ్ళ జతలు కలపడానికి ఆమెకు చూపుతో పనిలేదు. భర్త ఆఫీసుకు వేసుకెళ్ళేవి పలచన, ఇంట్లో వేసుకునేవి మందం, అత్తగారివి మడమ దగ్గర కుట్టు వేసినవి. ఆ కుప్ప ఒళ్ళో పెట్టుకుని, ఫోన్ చదివి వినిపిస్తున్న ప్రభుత్వ వెబ్‌సైట్ వింటోంది. తన వైకల్యం కార్డులో ఫోన్ నంబర్ మార్చుకోవాలి. పెళ్ళయిన పదకొండేళ్ళుగా అందులో ఉన్నది భర్త నంబరే. ఆమెకు రావలసిన కబురేదైనా ముందు అతనికి తెలియాలి, అతనికి గుర్తుంటే ఆమెకు తెలియాలి. పోయినేడు పై ఉద్యోగం పరీక్షకు పిలుపు వస్తే, తేదీ దాటిన నాలుగు రోజులకు చెప్పాడు. పైగా, నా ఫోన్‌కి వస్తే నీకు వచ్చినట్టు కాదా అన్నాడు. వాడి కళ్ళే నీ కళ్ళనుకోవే, నీకేం లోటు అన్నారు అత్తగారు.

పేరు, కార్డు నంబర్, తన సొంత ఫోన్ నంబర్ అన్నీ కొట్టింది. చివర్న ఫోన్ "బొమ్మ" అని ఊరుకుంది. ఆ బొమ్మలోని వంకరటింకర అక్షరాలు చూసి కొడితేనే అర్జీ వెళుతుంది. చూపులేనివాళ్ళ పేజీకి చూపే తాళం. ఆ అక్షరాలు వినిపించే ఏర్పాటు కూడా ఉండి తీరాలని చట్టం ఉంది. ఆమెకు బాగా తెలుసు, ఆమె పనిచేసేది ఆ వెబ్‌సైట్ నడిపే శాఖలోనే, ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు మీద, టెలిఫోన్ బల్ల దగ్గర. భర్తను చదవమంటే, నంబర్ మార్చి ఎవరితో మాట్లాడాలేం అన్నాడు. ఆఫీసులో పక్క బల్ల ఆవిడను అడిగితే, ఇంట్లో చెప్పకుండా మార్చడం బాగుండదమ్మా అంది. సహాయ విభాగానికి రాస్తే మూడో రోజు జవాబొచ్చింది. చూపులేని ఉద్యోగి ఒకరు స్వయంగా పరీక్షించి, వెబ్‌సైట్ చట్టం ప్రకారమే ఉందని ధ్రువీకరించారట. లోపం మీ ఫోన్‌లో ఉండవచ్చట.

ఆ శాఖలో చూపులేని ఉద్యోగి ఆమె ఒక్కతే.

అప్పుడు గుర్తొచ్చింది. కొన్ని నెలల కిందట ఒకరోజు ఆఫీసరు పిలిపించి, కంప్యూటర్‌లో ఆ వెబ్‌సైట్ మొదటి పేజీ వినిపించాడు. కంప్యూటర్ చక్కగా చదివింది. మిగతావి కూడా వింటానంది. "మిగతావీ ఇంతేనమ్మా. రేపే గడువు. మా మాట మీద నమ్మకం లేదా?" అన్నాడు. ధ్రువీకరణ కాగితం మీద, సంతకం చేసేచోట స్టీలు స్కేలు ఆనించి, ఆమె వేలు పట్టి దాని అంచున పెట్టాడు. ఇంట్లో రోజూ వినే మాటే కదా, అలవాటుగా సంతకం పెట్టేసింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండేది దానికి కాదు. తన సంతకం కూడా ఒకరికి కావలసి వచ్చిందని ఆరోజంతా మురిసిపోయింది, దానికి.

జవాబొచ్చిన మర్నాడు ఆఫీసరు దగ్గరికి వెళ్ళి, ఆ సంతకం వెనక్కి తీసుకుంటానంది. ఆఫీసరు కోప్పడను కూడా లేదు. కాగితాలు తీసుకోవడం మానేశామని, వెబ్‌సైట్‌లోనే ఫిర్యాదు పెట్టుకోవాలని చెప్పాడు. "తప్పుడు ధ్రువీకరణ ఇచ్చానని నువ్వే రాసుకుంటే వచ్చే ఏడాది నిన్ను ఉంచలేం. ఆలోచించుకో" అన్నాడు. ఆమె ఆలోచించింది. రాసినా ఆ పేజీ బాగుపడదు, ఉద్యోగం మాత్రం పోతుంది. రాయకపోతే, ఆ బొమ్మ దగ్గర ఆగిపోయిన ప్రతివాళ్ళకీ తన సంతకమే చూపిస్తారు.

సాయంత్రం ఫిర్యాదంతా కొట్టింది. చివర్న మళ్ళీ "బొమ్మ" అంది ఫోన్. ఆఫీసు మీద ఫిర్యాదుకు ఆఫీసులో ఎవరూ కళ్ళు అరువివ్వరు. టీవీ ముందున్న భర్త దగ్గరికి వెళ్ళి ఫోన్ చాపింది.

"ఈ అక్షరాలు చదివి పెట్టండి. ఫిర్యాదు పంపాలి."

"ఎవరి మీద?"

"నా మీదే. పూర్తిగా వినకుండా సంతకం చేశానని."

అతను నవ్వి, టీవీ గొంతు తగ్గించాడు. ఫోన్ అందుకుని ఒక్కో అక్షరం నిదానంగా, రెండేసి సార్లు చదివాడు. పదకొండేళ్ళలో ఆమె అడిగిన పని అతను మారుమాట లేకుండా చేసింది అదొక్కటే.