మంట వాలని పొయ్యి

ఆ ఇంట్లో వంట మొగుడిదే. ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ డ్యూటీకి వేళాపాళా ఉండదని పెళ్ళయిన కొత్తలోనే తేలిపోవడంతో గరిటె ఆయన చేతికొచ్చింది, మళ్ళీ ఆవిడ చేతికి పోలేదు. ఆయన ఉద్యోగం ఇన్సూరెన్స్ కంపెనీలో. కాలిపోయిన ఇళ్ళూ దుకాణాలూ తిరిగి చూసి నష్టం ఎంతో తేల్చాలి. ఎన్నిసార్లు ఉతికినా చొక్కాలకు మసి వాసన పోయేది కాదు. ఆఫీసులో ఆయన్ని పొగాయన అనేవారు. కోపం వస్తే నర్సమ్మ కూడా అదే పేరుతో పిలిచేది.

సాయంత్రం ఆయన స్నానం చేసి నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్ళేవాడు. ఆయన ఉల్లిపాయలు తరుగుతుంటే ఆవిడ వంటింటి గట్టెక్కి కూర్చుని, వార్డులో ఎవరు ఎవరితో పోట్లాడారో, ఏ డాక్టరు ఎవరి మీద అలిగాడో పూసగుచ్చినట్టు చెప్పేది. ఆయన మధ్యమధ్య "ఊఁ" అంటూ ఉప్పు సరిపోయిందా అని గరిటె ముందుకు చాపేవాడు. వాళ్ళ కాపురమంతా ఆ గట్టు దగ్గరే జరిగిందనుకోవచ్చు. హాల్లో కూర్చోబెడితే ఇద్దరికీ మాటలు దొరికేవి కావు.

ఆ ఇంట్లో మంటకు ఒక అలవాటు ఉండేది. ఇల్లు విడిచి వెళ్ళబోయే మనిషి వైపు వాలేది. పొగాయన వాళ్ళక్కకు సంబంధం కుదరకముందే అక్క వైపు వాలింది. మేడమీద అద్దెకున్న డ్రాయింగు మాస్టారు ఓసారి టీకి వస్తే ఆయన వైపు వాలింది. "ఎప్పుడు ఖాళీ చేస్తున్నారు మాస్టారూ?" అని పొగాయన వాళ్ళమ్మ అడిగేసింది. ఎలా చెప్పాలా అని మథనపడుతున్న మాస్టారు హమ్మయ్య అనుకున్నాడు. కొన్నేళ్ళకు ఆ మంట అమ్మ వైపే వాలింది. ఆవిడ కాసేపు చూసి, కొడుకును పిలిచి, ఏ డబ్బాలో ఏముందో చూపించింది. ఆ వర్షాకాలం దాటలేదు. పొయ్యి బాగుచేసేవాళ్ళకూ ఇది కొత్త కాదు. బర్నరు తుడిచి, ఇది మా చేతిలో లేదండీ అని సంచీ భుజాన వేసుకుని పోయేవారు.

అలాంటి మంట ఒక సాయంత్రం నర్సమ్మ వైపు వాలింది. ఆవిడ అప్పుడే గట్టెక్కి, ఏదో చెప్పడానికి గొంతు సవరించుకుంటోంది. పొగాయన చప్పున లెక్క వేశాడు. పెళ్ళి చేసుకుని అత్తారింటికి పోయే వయసు కాదు, అద్దెకున్న మనిషీ కాదు. ఇక మిగిలింది ఒక్కటే. నష్టం తేల్చడం అలవాటైన మనిషి కనక అక్కడికక్కడే తేల్చేశాడు. గభాలున గిన్నె అడ్డుపెట్టి, "అలిసిపోయినట్టున్నావు, వెళ్ళి పడుకో" అన్నాడు.

ఆవిడ కంట ఆ మంట పడకూడదు. అదొక్కటే ఆయన పట్టుదల. మర్నాడు పొగ మంచిది కాదన్నాడు, ఆ మర్నాడు నేల జారుతోందన్నాడు. సాకులు అయిపోయాక వంటింటి తలుపే వేసుకున్నాడు. కంచాలు హాల్లోకి వచ్చాయి. భార్య తలుపు దగ్గర కాసేపు నిలబడి వెనక్కి పోతున్న అడుగుల చప్పుడు వినిపించేది. ఆయనకు ప్రాణం ఉసూరుమనేది, అయినా తీసేవాడు కాదు.

లోపల మంట మాత్రం రోజురోజుకీ వంగిపోతోంది. ఆవిడ పడగ్గదిలో ఉంటే ఆ గోడ వైపు, ఆసుపత్రికి వెళ్తే కిటికీ వైపు. ఆవిడ ఎక్కడుందో మంటను చూసి చెప్పగలిగేవాడు. రక్తపరీక్షలు చేయించుకోమని పోరుపెట్టాడు. అన్నీ బాగానే ఉన్నాయని ఆవిడ చెబితే ఆ పరీక్షలు చేసేవాళ్ళ మీద అనుమానపడ్డాడు. నిద్రలో ఆవిడ ఊపిరి కాస్త నెమ్మదిస్తే లేచి కూర్చునేవాడు. ఇదంతా కడుపులో పెట్టుకుని మింగలేక కక్కలేక చిక్కి సగమయ్యాడు.

చివరికి ఆయనకు ఒక ఆలోచన తట్టింది. అసలు మంటే లేని పొయ్యి తెస్తే వాలేదేముంది? ఆఫీసు బల్ల మీద కాలిన ఇళ్ళ ఫొటోలు పక్కకు నెట్టి కరెంటుతో నడిచే కుకింగ్ రేంజిల బొమ్మలు పరిచాడు. గాజుపలక మీద వండేవి, రెండేసి ఓవెన్లున్నవి, బీరువా అంత బరువున్నవి. వెళ్ళబోయే మనిషిని ఆ బరువైనా ఇంట్లో పట్టి ఉంచుతుందేమో అని కూడా ఆశపడ్డాడు. చదువుకున్న మనిషే. భయం చదువును చూసి ఆగదు కదా.

పొయ్యి కొంటున్నామని చెబితే, ఇద్దరికి అంతది దేనికని భార్య అడిగింది. ఓవెనుంటే బ్రెడ్డు చేసుకోవచ్చన్నాడు. ఆవిడ ఆయన ముఖంలోకి చూసి, సరే, నేనూ వస్తానంది. వద్దనడానికి ఈసారి ఆయనకు సాకు దొరకలేదు.

షాపు చల్లగా, ఆసుపత్రిలా శుభ్రంగా ఉంది. రేంజిలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోదాని తలుపు తీస్తే ఖరీదైన కారు తలుపు తీసినట్టే ఉంది. షాపు అమ్మాయి గాజుపలక మీద నీళ్ళు మరిగించి, పక్కనే చెయ్యి పెట్టి చూడమంది. పొగాయన ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాడు. గాజు పగిలితే? కరెంటు పోయి వస్తే? మర్చిపోయి ఊరెళ్ళిపోతే? ఆ అమ్మాయి ఓపిగ్గా జవాబులు చెప్పి, చివర్లో మామూలుగా అడిగింది.

"మీ ఇంట్లో మంట వాలుతుందా సార్?"

పొగాయన ఉలిక్కిపడి భార్య కోసం చూశాడు. ఆవిడ దూరంగా ఏవో మీటలు తిప్పి చూస్తోంది.

"అలాంటి ఇళ్ళవాళ్ళు ఎక్కువగా ఇదే తీసుకుంటారు సార్" అంది ఆ అమ్మాయి. "అయితే దీంతో ఆగిపోతుందని మాత్రం మేం రాసివ్వం."

ఆయన ఇదే ఖాయం చేయమన్నాడు. బిల్లు రాయమని తొందరపెట్టాడు. ఇంతలో నర్సమ్మ అవతలి నుంచి పిలిచింది. ఆవిడ ఇత్తడి బర్నర్లున్న పెద్ద గ్యాసు రేంజి ముందు నిలబడి ఉంది.

"ఇది వెలిగించి చూపించమ్మా."

పొగాయన పరుగులాంటి నడకతో వచ్చి పడ్డాడు. గొట్టం బిగింపు సరిగ్గా లేదన్నాడు. పైన పొగ లాగే ఫ్యాను చాలదన్నాడు. తన సర్వీసులో ఇలాంటి షాపులు ఎన్ని కాలిపోయాయో చెప్పబోయాడు. ఆ అమ్మాయి గొట్టం లాగి చూపించింది, ఫ్యాను వేసింది, మీట తిప్పింది. నీలం మంట గుండ్రంగా లేచి ఒక్క క్షణం నిలబడి, ఇంట్లో మంటలాగే మొత్తంగా నర్సమ్మ వైపు ఒరిగింది. ఆవిడ రెండడుగులు పక్కకు వేసింది. మంటా అటే తిరిగింది.

"ఎప్పట్నుంచి?" అని అడిగింది నర్సమ్మ.

"నీకేం కాదు" అన్నాడాయన.

"నాకేమవుతుంది?"

"అమ్మకు అయినట్టు" అనబోయి పొగాయన సగంలోనే ఏడ్చేశాడు. పెద్ద మనిషి నలుగురిలో ఏడుస్తుంటే షాపు అమ్మాయి మర్యాదగా వెనక్కి తిరిగి తుడిచిన పలకే మళ్ళీ తుడిచింది.

నర్సమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు మండింది.

"ఇందుకా తలుపు వేసుకున్నారు?" అంది. "కొండమీద ఊళ్ళో మా ఆసుపత్రివాళ్ళు కొత్తది కట్టారు. పెద్ద నర్సుగా వెళ్తావా అని అడిగారు. మీతో చెబుదామని ఆరోజు గట్టెక్కి కూర్చున్నాను. మీరు ఇల్లు కదలరని తెలుసు, వద్దనే అందామనుకున్నాను. ఊరికే ఒకసారి మీ చెవిన వేద్దామని, అంతే. వెళ్ళి పడుకోమన్నారు. తర్వాత తలుపేశారు. ఇంట్లో పలకరించే దిక్కు లేకపోతే ఎందుకుండాలి నేను? నిన్ననే వస్తానని చెప్పేశాను."

"మరి ఇక్కడికెందుకొచ్చావు?"

"నేను వెళ్ళాక మీరొక్కరే వండుకోవాలిగా. మంచిది చూసి పెట్టి వెళ్దామని."

పొగాయనకు ముందు కలిగింది సంతోషం. చావు కాదు. నర్సమ్మ బతికే ఉంటుంది. ఆ సంతోషం ఊపిరి పీల్చుకునేంతసేపు కూడా నిలవలేదు. చావు కాకపోయినా వెళ్ళేది నిజమే. అదీ తను చేతులారా చేసుకున్నదే. తను ఆ తలుపు తీసే ఉంచి ఉంటే ఆవిడ వద్దని చెప్పేసి ఉండేది. పుట్టిన ఇల్లు, అమ్మ డబ్బాలు చూపించిన వంటిల్లు అది. వేరే ఊళ్ళో పడుకుంటే ఆయనకు నిద్ర పట్టదు. పరాయి నీళ్ళు పడవు. కొండదారంటే ఆయనకు మొదటి మలుపులోనే కళ్ళు తిరుగుతాయి. ఇవన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చాయి.

అయినా, "అక్కడ వంటిల్లు ఎంతుంటుందట?" అని అడిగాడు.

నర్సమ్మ తల తిప్పుకుంది. "ఇద్దరు నిలబడితే మోచేతులు తగులుతాయట."

ఇద్దరి లెక్క ఆవిడ ముందే అడిగి ఉంచిందని ఆయనకు తెలియడానికి కాస్త టైము పట్టింది. అప్పుడు బొజ్జ దగ్గర వెచ్చగా తగిలితే కిందికి చూశాడు. సగం మంట నర్సమ్మ వైపే ఉంది. మిగతా సగం మెల్లగా లేచి, అటూ ఇటూ ఊగి, ఆయన వైపు వాలింది. ఇంతకాలం ఎందరి వైపో వాలగా చూశాడు గానీ తన వైపు వాలడం ఎప్పుడూ చూడలేదు. భయమేసింది. పక్కకు జరుగుదామా అనుకున్నాడు, జరగలేదు.

షాపు అమ్మాయి ఇటు తిరిగి మంట చూసి, చేతిలో ఉన్న బిల్లు పుస్తకం మూసింది.

"అయితే ఇంత పెద్దది వద్దు సార్, కొండ మీదకు మోయించలేరు. రెండు బర్నర్లది ఒకటుంది, చూపించనా?"

"చూపించమ్మా" అన్నాడు పొగాయన.