మా ఆయన చెప్పిందే నా సాక్ష్యం

"ఫిన్లాండోళ్లు ఎందుకు సంతోషంగ ఉంటరో తెలుసా నీకు?" అని అడిగాడు జయరాజ్.

రూప ముందు పళ్లెం నిండా ఎల్లిగడ్డలున్నాయి. రేపు ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ప్రార్థన కూడిక. చర్చి అయిపోగానే నలభై మంది వస్తారు. బగారన్నం, కోడికూర, పప్పుచారు. ఒలిచీ ఒలిచీ ఆమె గోళ్ల కింద మంట పుడుతోంది. జయరాజ్ మాత్రం ఎదురుగా కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఫోన్ చూస్తున్నాడు. తెలియదంటే చెప్తాడు, తెలుసన్నా చెప్తాడు. అందుకని ఆమె ఇంకో ఎల్లిగడ్డ అందుకుంది.

"నమ్మకం," అన్నాడు. "ఆడ నీ పర్సు తొవ్వల పడిపోయిందనుకో, దొరికినోడు తెచ్చి ఇస్తడు. రెండోది, కలిసి తింటరు. ఒంటరిగ తినే దేశాలకన్న కలిసి తినే దేశాలల్ల సంతోషం ఎక్కువట. మూడోది ముఖ్యం. ఎవని బతుకు ఎట్ల బతకాల్నో వాడే ఎంచుకుంటడు. ఎట్లుంది?"

ఎట్లుంది అంటే ఆ దేశం ఎట్లుంది అని కాదు, రేపు కూడికలో చెప్పబోయే తన ఉపన్యాసం ఎట్లుంది అని. పాలకుర్తిలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్తాడు జయరాజ్. పిల్లలు వింటారో లేదో గానీ, ఇంట్లో మాత్రం వినే మనిషి ఎప్పుడూ ఉంటుంది, ఏదో ఒకటి ఒలుస్తూనో తరుగుతూనో.

కలిసి తింటారట. రూపకు నవ్వొచ్చింది. ఈ ఇంట్లో కూడా అందరూ కలిసే తింటారు. మామ యోసేపు, జయరాజ్, బిడ్డ కెజియా వరుసగా కూర్చుంటారు. అత్త మరియమ్మ మోకాళ్ల నొప్పులని మంచం మీదికే పళ్లెం అడుగుతుంది. రూప వడ్డిస్తుంది. ఒకరికి ఉప్పు, ఒకరికి నీళ్లు, ఒకరికి మారు అన్నం. అందరూ లేచాక గిన్నెలో మిగిలింది గిన్నెలోనే కలుపుకుని పొయ్యి గట్టు దగ్గర నిలబడి నాలుగు ముద్దలు మింగుతుంది. అప్పటికి అన్నం చల్లారి బిరుసుగా అయిపోతుంది. "నువ్వు తిన్నవా?" అని ఎవరూ అడగరని కాదు, అడుగుతారు. చేతులు కడుక్కుంటూ అడుగుతారు.

ఇక పర్సు సంగతి. ఈ ఇంటికొచ్చాక రూప పారేసుకున్నవి చాలా ఉన్నాయి. పాట పాడడం పోయింది. మధ్యాహ్నం నిద్ర పోయింది. నచ్చని మాటను నచ్చలేదని అనే అలవాటు పోయింది. అవి దొరికిన వాళ్లు ఎవరూ తెచ్చి ఇవ్వలేదు, పోయాయని గమనించిన వాళ్లు కూడా లేరు.

"గా సంతోషం ఎంతున్నదో వాళ్లకెట్ల తెలుస్తది?" అని అడిగింది. ఊరికే అడిగింది, ఎట్లుందో చెప్పే పని తప్పించుకోవడానికి.

జయరాజ్ ముఖం వెలిగింది. "మంచి ప్రశ్న! మనిషి మనిషిని పట్టుకుని అడుగుతరు. ఇంటి పెద్ద చెప్తే సరిపోదు. మొగడి బదులు పెండ్లాం చెప్పినా, పెండ్లాం బదులు మొగడు చెప్పినా తీసుకోరు. ఎవరి సంగతి వాళ్లనే అడగాలె. ఇది గూడ పెడత రేపు."

ఆ ముక్క ఫోన్లో రాసుకుని, గొంతు సవరించుకుని చివరి పేరా చదివాడు. "సంతోషం దేశాలల్ల లేదు, కుటుంబాలల్ల ఉన్నది. దానికి మా ఇల్లే సాక్ష్యం. నా భార్య రూప, కుటుంబం కోసం వచ్చిన ఉద్యోగాన్ని సంతోషంగా వదులుకున్నది."

రూప చేతిలో ఎల్లిపాయ ఆగిపోయింది.

వదులుకున్నది. ఎప్పుడు? ఎవరితో చెప్పింది? తనకే తెలియకుండా తను చేసిన పని అది.

అసలు ఈ కూడిక ఎందుకో చెబితే నవ్వుతారు. రూప స్టాఫ్ నర్సు పరీక్ష రాసిన రోజుల్లో మరియమ్మ మొక్కుకుంది. "ప్రభువా, నా కోడలికి సర్కారు కొలువు వస్తే ఇంట్ల కృతజ్ఞత కూడిక పెట్టిస్త" అని. కుక్కర్ కూత కోసం చూస్తూ, కెజియాకు స్నానం చేయిస్తూ, బస్టాండులో నిలబడి చదివింది రూప. కొలువు వచ్చింది. జయరాజ్ బడికి మిఠాయి డబ్బా పట్టుకుపోయి "మా మిసెస్‌కు గవర్నమెంట్ జాబ్" అని పంచాడు. ఆ రోజు నిజంగానే గర్వపడ్డాడు. దాన్ని కాదనడానికి లేదు. వారం తిరిగాక పోస్టింగు వచ్చింది, మహబూబాబాద్ జిల్లాలో, కొత్తగూడ మండలంలో, అడవి పక్క ఊరి దవాఖానకు. అంతే, ఆ మిఠాయి చేదెక్కింది.

"గా అడవిలకు పోయి ఏం జేస్తవ్?" అన్నాడు. "ఈడ క్లినిక్ లేదా? నేనేమన్న తాగుతున్ననా, కొడుతున్ననా? నీకేం తక్కువైంది?"

"పొద్దుగాల చాయ ఎవరు పోస్తరు బిడ్డా?" అన్నాడు యోసేపు. పాపం, ఆయన బాధ అంతవరకే.

మరియమ్మ మాత్రం అటూ ఇటూ కాకుండా, "మొగడు వద్దన్నంక ఏం జేస్తం? గని మొక్కు మొక్కే. కూడిక ఆపేది లేదు" అంది. మొక్కు దేవుడికి చెల్లాలి, ఉద్యోగం మాత్రం మొగుడికి చెల్లించాలి. ఏ ఉద్యోగం వచ్చినందుకు కృతజ్ఞత చెప్తున్నారో, ఆ ఉద్యోగమే వద్దనుకున్నందుకు కూడా కృతజ్ఞత చెప్పే కూడిక ప్రపంచంలో ఇదొక్కటే అయి ఉంటుంది. సోషల్ సారు కదా, దాన్ని కుటుంబ సంతోషం కూడికగా మార్చేశాడు. సోమవారం సాయంత్రం లోపల చేరకపోతే ఆర్డరు రద్దు. అది గడిచిపోతే గొడవే లేదని ఆయన లెక్క.

ఇప్పుడు పనిచేస్తున్న పాలకుర్తి క్లినిక్కులో తనకేం తక్కువో రూపకు తెలుసు. కాన్పుల గదిలో బిడ్డ తల కనపడే వేళకు డాక్టరు "సిస్టర్, బయట మనోళ్లు వచ్చిన్రు, నాలుగు చాయలు చెప్పు" అని కేకేస్తాడు. చేసేది ఆమె, పేరు ఆయనది. పుట్టిన బిడ్డను ముందు ఆయన చేతికిచ్చి, ఆయన బయటికి తీసుకుపోయి చూపించాకే ఆమె తుడవాలి. ఒకసారి ఆమె ముందే తుడిచి తల్లి రొమ్ము మీద పడుకోబెట్టింది. "నీకు పెత్తనం ఎక్కువైంది" అన్నాడు. ఆ మాట ఇంట్లో చెబితే, "పోనీలే, డాక్టరు గదా" అన్నాడు జయరాజ్.

వారం కింద ఎవరికీ చెప్పకుండా ఆ అడవి పక్క దవాఖానకు ఫోన్ చేసింది. దస్రు అనే వాచ్‌మన్ ఎత్తాడు. "కొత్త సిస్టరమ్మవా? క్వార్టర్ ఖాళీగ ఉన్నదమ్మా, తాళంచెవి నా దగ్గర్నే ఉన్నది. బడి గూడ పక్కనే. నువ్వెప్పుడొస్తవ్?" అన్నాడు.  వస్తావా రావా అని కాదు, ఎట్లా వస్తావు అని కాదు, ఎప్పుడొస్తావు అని అడిగాడు. ముఖం కూడా చూడని మనిషి ఆమె వస్తుందనే నమ్మాడు.

"ఎట్లుందో చెప్పవేంది?" అన్నాడు జయరాజ్.

"మంచిగుంది," అంది రూప. "గా ఎవరి సంగతి వాళ్లనే అడగాలె అన్న ముక్క మాత్రం మర్చిపోకు."

ఆయన మురిసిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నానికి ఇల్లంతా చాపలే. మగవాళ్లు ముందు, ఆడవాళ్లు వెనక, పిల్లలు గడప మీద. పాస్టరయ్య వాక్యం చెప్పాడు. రూప సగం వంటింట్లో, సగం తలుపు దగ్గర ఉంది. తర్వాత జయరాజ్ లేచి, దేవుడు చేసిన మేలును అందరి ముందు చెప్పుకునే సాక్ష్యం మొదలుపెట్టాడు. ఫిన్లాండ్, డెన్మార్క్, పర్సు, కలిసి తినడం, అన్నీ వచ్చాయి. పర్సు దగ్గర మొగిలి అనే ఆటో డ్రైవరు "మన తొర్రూరు బస్టాండ్ల పడేసి సూడు సారూ" అన్నాడు. అందరూ నవ్వారు. జయరాజ్ బాగా మాట్లాడతాడు, అది వేరే సంగతి. "ఒకళ్ల బదులు ఒకళ్లు చెప్తే ఆ దేశాలల్ల లెక్కల్లకు తీసుకోరు" అని వేలెత్తి చెప్పాడు. తలలు ఊగాయి. ఆ తర్వాత చివరి పేరా, "సంతోషంగా వదులుకున్నది" అనే మాట. చాపల మీద నుంచి "స్తోత్రం, స్తోత్రం" అని లేచింది. ఎవరో ముసలామె రూప వైపు తిరిగి కళ్లు ఒత్తుకుంది.

"సోదరి రూప గూడ రెండు మాటలు చెప్పాలె," అన్నాడు పాస్టరయ్య.

ఈ కూడికల్లో భార్య చెప్పే సాక్ష్యం ఒకటే ఉంటుంది. భర్త పక్కన వచ్చి నిలబడి, కొంగు తల మీదికి లాక్కుని, "మా ఆయన చెప్పిందే నా సాక్ష్యం" అని కూర్చోవడం. పెళ్లయినప్పటి నుంచి రూప కూడా అదే చెప్పింది. అందరూ అదే చెప్తారు. పోయినేడు వెనక వీధి బాలనర్సమ్మ చేతికి కట్టుతో వచ్చి, తమ ఇంట్లో శాంతి సమాధానాలు ఉన్నాయని మొగుడు చెప్తుంటే పక్కన నిలబడి అదే చెప్పింది. ఆ కట్టు కట్టింది రూపే. ఎట్లా తగిలిందో కట్టు కడుతున్నప్పుడు చెప్పిన నోటితోనే, రెండు రోజుల తర్వాత ఆ మాట కూడా చెప్పింది. అప్పుడు బాలనర్సమ్మ మీద కోపమొచ్చింది రూపకు. ఇప్పుడు ఆ మాట తన నాలుక మీదే సిద్ధంగా ఉంది. నాలుగు ముక్కలు అనేసి వంటింట్లోకి పోవచ్చు. అన్నం మాడకుండా చూసుకోవచ్చు. రేపు సోమవారం గడిచిపోతుంది, ఎల్లుండి నుంచి ఎవరూ ఏమీ అడగరు. అంత సులభం. ఆ సులువును తలుచుకుంటేనే ఆమెకు భయమేసింది. ఉద్యోగం పోతుందన్న భయం కంటే అది పెద్దది.

తడి చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి నిలబడింది. సాక్ష్యానికి ఒక మర్యాద ఉంది. ఎవరు ఏం చెప్పినా మధ్యలో ఆపకూడదు.

"అందరికి ప్రభువు పేరున వందనాలు," అంది. వెనక వరుసకు వినపడలేదు. మళ్లీ అంది. "మా ఆయన మంచి మాట చెప్పిండు. ఒకళ్ల బదులు ఒకళ్లు చెప్తే లెక్కల్లకు రాదన్నడు. గందుకే నా సంగతి నేనే చెప్తున్న. నేను ఉద్యోగం వదులుకోలే. ఆయన అట్ల అనుకున్నడు గని నన్ను అడగలే. రేపు పొద్దుగాల మొదటి బస్సుకు పోతున్న. మానుకోటల బస్సు మారుత. పొద్దు గూకక ముందే చేరి సంతకం పెడత. బిడ్డ నాతోనే ఉంటది. శనివారం శనివారం ఇంటికొస్తం. ఇంటి మీద కోపం లేదు నాకు. పురుడు పొయ్యడం నాకొచ్చిన పని, దాన్ని నా చేతులతోని, నా పేరు మీద చెయ్యాలనుంది. దానికోసం ప్రార్థన చెయ్యిండ్రి."

 స్తోత్రం అనాలా వద్దా అని నలభై మంది ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పాస్టరయ్య జయరాజ్ వైపు చూశాడు. జయరాజ్ తల్లి వైపు చూశాడు. ఆ చూపులో 'అవ్వా, నువ్వన్న చెప్పు' అనే మాట స్పష్టంగా ఉంది.

మరియమ్మ మోకాళ్లు పట్టుకుని కదిలి కూర్చుంది. కోడలి వైపు చూడలేదు. "అయ్యగారూ, నేను మొక్కింది కొలువుకే," అంది. "కొలువు వద్దనుకుని కూడిక పెడితే దేవుని ముంగట అబద్ధమాడినట్టే అయితది. నిన్నటి సంది నాకు అదే పరేషాన్. ప్రార్థన కానియ్యిండ్రి."

వెనక వరుసలో నుంచి బాలనర్సమ్మ "స్తోత్రం" అంది. గట్టిగానే అంది. దాని వెంట ఇంకో గొంతు, ఆ వెంట ఇంకొన్ని. పాస్టరయ్య కళ్లు మూసుకుని, కొత్తగూడ దారిలో బస్సులకు, ఆ ఊరి తల్లులకు, రూప చేతులకు కలిపి ప్రార్థన చేశాడు. కళ్లు మూసుకోనిది జయరాజ్ ఒక్కడే.

ప్రార్థన కాగానే వంటింట్లోకి వచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది. బయట భోజనాల బంతులు వేస్తున్నారు.

"నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవ్," అన్నాడు పళ్ల బిగువున.

రూప బగారన్నం దేగిస మూత తీసింది. ఆవిరి ముఖానికి కొట్టింది. ఇదివరకైతే ఈ మాటకు ఏడుపొచ్చేది, తర్వాత క్షమాపణ వచ్చేది. ఇప్పుడు ఆ రెండూ రాలేదు. రాలేదని ఆమె కూడా ఆశ్చర్యపోయింది.

"నీ బదులు నేనేం చెప్పలే," అంది. "నా బదులు నేను చెప్పిన."

చారు బకెట్టు ఆయన చేతికిచ్చింది. వద్దనడానికి వీల్లేకుండా తలుపు దగ్గర నుంచి మొగిలి "సారూ, ఇటు దిక్కు చారు" అని పిలుస్తున్నాడు. రూప పళ్లెంలో అన్నం, కూర పెట్టుకుని బయటికొచ్చింది. చాప మీద కెజియా జరిగి చోటిచ్చింది. పక్కనున్న బాలనర్సమ్మ ఉల్లిగడ్డ ముక్కలున్న పళ్లెం ఇటు నెట్టింది.

రూప ముద్ద కలిపింది. వేళ్లు కాలాయి.

అన్నం ఇంత వేడిగా ఉంటుందని ఆమె మర్చిపోయింది.