ఆ ఒక్క కుదుపు

డ్రైవరమ్మ మొండితనం గురించి తెలియనివాళ్లు ఆ లారీ స్టాండులో లేరు. ఆవిడ కాదన్నదంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా కాదే. అటువంటి మనిషి ఆ రోజు పొద్దుటినుంచి కూతురి చేత మాటలు పడుతోంది.

ట్రక్కు వెనకాల లాగుతున్నది కూతురు కాపురముండే చక్రాల ఇల్లు. అల్లుడు వంతెనలు కట్టే కంపెనీలో ఉద్యోగి. పని ఎక్కడుంటే ఇల్లూ అక్కడికే. ఆ ఇంటి ముక్కు కింద లావాటి ఇనప పిన్ను ఉంటుంది. అది ట్రక్కు తొట్టిలో బిగించిన పళ్లెం మీద కూర్చుంటే, పళ్లెంలోని దవడలు దాన్ని గట్టిగా పట్టుకోవాలి. అల్లుడు వెనకే కారులో వస్తున్నాడు. కూతురికి ఏడో నెల. కాళ్లు చాపుకోవచ్చని తల్లి నడిపే ట్రక్కెక్కింది. ఎక్కిన పాపానికి, బ్రేకు తొక్కినప్పుడల్లా వెనకనుంచి ఇల్లొచ్చి వీపులో గుద్దుతోంది.

"అమ్మా, నన్ను తీసుకెళ్తున్నావా, జల్లెడ పడుతున్నావా?"

"రోడ్డు బాలేదే."

"రోడ్డు అద్దంలా ఉంది."

అద్దంలానే ఉంది మరి. డ్రైవరమ్మకి తల కొట్టేసినట్టయింది. కొండమీద లారీలు ఆగే చోట బండి పక్కకి తీసి, సంగతేమిటో తేల్చుకుందామని దిగింది. తేలింది కూడా. అల్లుడుగారు ఇనప పెట్టెలు, పుస్తకాల అట్టపెట్టెలు అన్నీ ఇంటి వెనకభాగంలోనే పేర్చిపెట్టారు. వెనకున్న నీళ్ల ట్యాంకు నిండుకుండలా ఉంది. బరువంతా వెనక్కిపోయి ముక్కు తేలికైపోయింది. అందుకే పిన్ను దవడల మధ్య ముందుకీ వెనక్కీ ఆడుతోంది.

అల్లుడని కూడా చూడకుండా చివాట్లు పెట్టి పెట్టెలన్నీ ముందుకి మోయించింది. ట్యాంకు ఖాళీ చేయించింది. ఇంటి బ్రేకులు ట్రక్కు బ్రేకులతో పాటే పట్టేలా సరిచేసింది. ట్రక్కుని విడదీసి, పళ్లేనికి గ్రీజు పూసి, మళ్లీ వెనక్కి నడిపి తగిలించింది.

తగిలించాక ఒకసారి లాగి చూడాలి. ఇంటి చక్రాలకి బ్రేకు పట్టించి ట్రక్కుని ముందుకి ఒక్క లాగు లాగితే, దవడలు పిన్నుని పట్టాయో లేదో తెలిసిపోతుంది. డ్రైవరమ్మ స్టీరింగు ముందు కూర్చుంది. ఈలోగా ఇంట్లోకెళ్లి మంచమెక్కిన కూతురు కిటికీలోంచి కేకేసింది.

"అమ్మా, కుదపకు! ఇప్పుడే నడుం వాల్చాను. నీకు దండం పెడతాను, ఇంక ఒక్క కుదుపు కూడా వద్దు!"

ఎన్నడూ లేనిది డ్రైవరమ్మ మెత్తబడింది. పిల్లని పొద్దుటినుంచి కుదిపి కుదిపి చంపింది చాలదా? తగిలించినప్పుడు టక్కుమని చప్పుడు వినబడనే వినబడింది, పట్టే ఉంటుంది.

"సరేలే. లేచి మీ ఆయన కారెక్కు. బండి కదిలేటప్పుడు ఇంట్లో ఎవరూ ఉండకూడదు," అని అరిచి, కాసేపు ఆగి, బయల్దేరింది.

అక్కడినుంచి దారంతా దిగువే. బండి వెన్నలో వేలు పెట్టినంత మెత్తగా సాగింది. మలుపుల్లోనూ కుదుపు లేదు, బ్రేకు తొక్కినా లేదు. "ఇప్పుడేమంటావే?" అని పక్కన లేని కూతుర్ని అడిగి తనలో తను నవ్వుకుంది.

కొండ దిగాక, రోడ్డు మళ్లీ ఎత్తెక్కేముందు బండి ఆపింది. అలవాటు కొద్దీ చుట్టూ తిరిగి టైర్లు తట్టింది. పళ్లెం దగ్గర వంగి చూసింది.

దవడలు తెరుచుకునే ఉన్నాయి.

పిన్ను వాటి మధ్య ఊరికే నిలబడి ఉంది. దాన్ని పట్టుకున్నది ఏదీ లేదు. దిగువ కాబట్టి ఇల్లు ట్రక్కుని నెట్టుకుంటూ, దానికి ఆనుకుని వచ్చేసింది. కుదుపు లేనిది అందుకు, ఆవిడ పనితనానికి కాదు. ఆ ఎత్తు ఎక్కడం మొదలుపెట్టి ఉంటే ఇల్లు జారి రోడ్డున పడేది. పోతే పోయేది సామానేగా, పిల్ల కారులో ఉంది కదా అని గుండె చిక్కబట్టుకుంది.

వెనక కారు ఆగింది. అల్లుడొక్కడే దిగాడు.

"అమ్మాయేది?"

"ఇంట్లోనే ఉంది అత్తయ్యా. కుదుపులు పోయాయిగా, మంచం మీదే పడుకుంటానంది. తిడతారని మీకు చెప్పొద్దంది," అని నవ్వాడు.

డ్రైవరమ్మ పరుగెత్తి చక్రాలకి దిమ్మలు పెట్టింది, ఇంటి ముక్కుకి ఆసరాగా ఉండే ఇనప కాళ్లు నేలకి దింపింది, అప్పుడు గాని తలుపు జోలికి పోలేదు.

కూతురు ఆవలిస్తూ మెట్లు దిగింది. "ఎంత హాయిగా నిద్రపట్టిందో! ఏం చేశావమ్మా?"

డ్రైవరమ్మ రెక్క పట్టుకుని తీసుకెళ్లి చూపించింది. డ్రైవరు కూతురు కాబట్టి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. ఆ పిల్ల రెండు చేతులూ పొట్టకి అడ్డం పెట్టుకుంది.

"లాగి చూడలేదా?"

"నువ్వే వద్దన్నావు కదే."

"నేను వద్దంటే మానేశావా?" కూతురు భోరుమంది. "బుద్ధెరిగిన కాణ్ణుంచి నా మాట ఒక్కటంటే ఒక్కటి విన్నావా నువ్వు? ఇవాళే వినాలా?"

డ్రైవరమ్మ ఆ రోడ్డుపక్కనే చతికిలబడింది. చేతికున్న గ్రీజు ముఖానికంతా అంటుకుంటున్నా చూసుకోకుండా ఏడ్చింది.