ఎర్రక్క బిగించిన కొక్కెం

సిలిండరును తలకిందులు చేసి ఒళ్లో పెట్టుకుని, ఎర్రక్క దాని అడుగున అరచేత్తో తట్టి చెవి ఆనించింది. లోపలి పొడి సరసరా జారింది. గడ్డకట్టలేదు. "బతికే ఉన్నావన్నమాట" అని మెచ్చుకుని మెట్ల మలుపులో దాని చోట తగిలించింది. మంటలార్పే ఈ సిలిండర్ల రంగే ఆమెకా పేరు తెచ్చింది. పొట్టి మనిషి. కాయలు కాచిన చేతులు, బరువులు మోసి మోసి ఒక పక్కకు ఒరిగిపోయిన భుజం. ఈ సిలిండర్లు చూసుకునే పని మొదట మొగుడిది. ఆయన పోయాక ఆ పనిముట్ల సంచీ తన భుజానికెత్తుకుంది. ఈ భవనంలో ఎవరేమన్నా "సరే సార్" అనడమే ఆమె ఎరుగును.

కింది హాల్లోకి రాగానే ఠక్కున ఆగింది. కరెంటు బోర్డు పక్కన సిలిండరు లేదు. కొక్కెం ఉన్నచోట లప్పం పూసి, గోడంతా తెల్లరంగు వేశారు. కరెంటు మంటకు నీళ్లు పనికిరావని, మంటలార్పే గ్యాసు నింపిన సిలిండరే కావాలని పట్టుబట్టి ఆమె మొగుడు అక్కడ పెట్టించినది అది. పైఅంతస్తులో మిషన్లు కుట్టే ఆడవాళ్లందరికీ బయటికి దారి ఈ హాలొక్కటే. వాళ్లలో ఎర్రక్క కోడలూ ఉంది.

మేనేజరును అడిగింది.

"స్టోరులో భద్రంగా ఉందిలేమ్మా. హాలు అందంగా ఉండాలని ఓనరుగారి ముచ్చట."

"స్టోరు తాళం ఎవరి దగ్గరుంది సార్?"

"నా దగ్గరే."

"మీరు ఇంటికెళ్లాక మంటొస్తే? మీ ఇంటిదాకా పరిగెత్తాలా వాళ్లు?"

"నీ పని నువ్వు చూసుకో."

మధ్యాహ్నం మెట్ల మీద అన్నం డబ్బా విప్పుతూ కోడలు మందలించింది. "ఊరుకోండి అత్తయ్యా. ఉద్యోగం పోతే ఇంట్లో కూర్చుని నన్నే సతాయిస్తారు."

"ఇన్నాళ్లూ ఊరుకునే ఉన్నానమ్మాయ్. ఏం బావుకున్నాను?"

ఆమెకు ఒళ్లు మండిపోతోంది. సగం అన్నం వదిలేసి లేచింది. లోపలి గ్యాసు తగ్గిందేమో సిలిండరు తూకం చూడాలని చెప్పి మేనేజరు దగ్గర స్టోరు తాళం తీసుకుంది. తూచింది కూడా. తర్వాత దాన్ని ఎత్తుకొచ్చి, పట్టపగలు, అందరి ముందూ, ఆ తెల్లగోడకు డ్రిల్లు పెట్టింది.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "ఆపు! ఎవరినడిగి చేస్తున్నావ్?"

"ఎవర్నీ అడగలేదు సార్."

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు!"

ఎర్రక్క కొక్కెం బిగించి, మళ్లీ విప్పడానికి వీల్లేకుండా బోల్టుల తలలు సుత్తితో చితక్కొట్టింది. సిలిండరు తగిలించింది. జుట్టులో పడ్డ సున్నం దులుపుకుని, పనివాళ్లు వాడే హాలు వెనక గుమ్మం వైపు కాకుండా, ముందు గుమ్మంలోంచే దర్జాగా వెళ్లిపోయింది.

సిలిండరు తీసేస్తే ఊడిరాని కొక్కెం ఇంకా అసహ్యంగా కనబడుతుంది. ఓనరుగారికి ఏం చెప్పుకోవాలో తోచక, మర్నాడు మేనేజరు ఆ గోడకు అడ్డంగా పెద్ద పూలకుండీ పెట్టించాడు. సాయంత్రం మిషన్లు ఆగాక అందరికన్నా ముందు కోడలు దిగింది. చేతిలో డబ్బా కిందపెట్టి, రెండు చేతులా కుండీని పక్కకు తోసింది.

"ఏయ్, ఎవరు జరపమన్నారు?" అని అరిచాడు మేనేజరు.

"మా అత్తయ్య."

వెనకే దిగిన ఆడవాళ్లు కూడా తలో చెయ్యీ వేశారు. పొద్దున కుండీ మళ్లీ అడ్డం వచ్చింది. సాయంత్రం మళ్లీ జరిగింది. ఇప్పుడా నున్నటి నేల మీద కుండీ ఈడ్చిన గీతలు పడ్డాయి, తెల్లగోడ మీద ఎర్ర సిలిండరు అందరికీ కనబడుతూ వేలాడుతోంది.